చిచ్చా వదులుకున్న వాయిదా

పోయిన నెలలో ఒక ఉదయం, కోర్టు మొదలయ్యే వేళకు, మా బార్ అసోసియేషన్ గదికి కడప నుంచి ఎస్టీడీ ఫోన్ వచ్చింది. అటువైపు ఆడగొంతు. "అన్నా, నేను నీ చిచ్చా చిన్న కూతుర్ని. తెల్లారుజామున మా అబ్బా పోయినాడు. నీకు చెప్పమని అమ్మ అనింది" అని, "మధ్యాన్నం నమాజు కాంగానే తీస్కపోతాండారు. నువ్వు అందుకోలేవులే" అంది. నిజమే. జగిత్యాల నుంచి కడపకు ఆ వేళకు చేరే దారి ఏదీ లేదు. ఇంతలో నా కేసు పిలిచారు. లోపలికి వెళ్ళి సాక్షిని అడగాల్సినవి అడిగాను. సాయంత్రం ఇంటికి వచ్చి నా భార్యతో "చిచ్చా పోయిండు" అన్నప్పుడు గానీ ఆ మాట నాకు పూర్తిగా వినపడలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఒమన్‌లో, సలాలా పక్కనున్న రైసూత్‌లో, మా కంపెనీ స్టోర్ కీపర్. నేను ఆయన కింద అసిస్టెంటుని. ఆయనది కడప జిల్లా. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా నాతో మాత్రం కడప తెలుగే. నేను చిన్నాన్న అన్నట్టు చిచ్చా అనేవాణ్ణి, ఆయన అబ్బాయ్ అన్నట్టు అబ్బీ అనేవాడు. బీఏ పాసై, ఊళ్ళో పని దొరక్క, ఎనభైల చివర్లో వీసా తీసుకుని వెళ్ళినవాణ్ణి నేను. ఆయన అప్పటికే ఆ రేకుల షెడ్డులో నెరిసిపోయి ఉన్నాడు.

పోర్టు రోడ్డు పక్కన మా స్టోరు. సిమెంటు, ఇనుము, షట్టరింగ్ ప్లేట్లు, హెల్మెట్లు, గ్లౌజులు. సైటుకు పోయే మనిషికి గ్లౌజు ఇచ్చేటప్పుడు చిచ్చా ఊరికే చేతిలో పెట్టేవాడు కాదు. తొడిగించి, వేళ్ళు ముడిచి చూపించమనేవాడు. వదులుగా ఉంటే వెనక్కి లాక్కుని ఇంకోటి ఇచ్చేవాడు. వెనకాల వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటే, "వాని చెయ్యి వాని ఇంటికి పోవాల గదా" అనేవాడు. ఎండాకాలం చివర సలాలాలో సన్న తుంపర మొదలై కొండలన్నీ పచ్చబడతాయి. అక్కడివాళ్ళు ఆ రోజుల్ని ఖరీఫ్ అంటారు. అప్పుడు చిచ్చా కుర్చీని గుమ్మం దగ్గరికి జరుపుకుని కొండల వైపు తిరిగి కూర్చునేవాడు. "మా ఊర్లో ఖరీఫ్ అంటే శెనక్కాయలు ఏసేది. ఈడ ఖరీఫ్ అంటే వానను ఊరికే చూసేది" అని నవ్వేవాడు.

ఆయనకు వకీళ్ళంటే పడదు. ఊళ్ళో బావి ఉన్న చేను మీద ఆయనకూ, పినతండ్రి కొడుక్కూ మధ్య కేసు నడుస్తోంది. ఆయన పెళ్ళికి ముందే మొదలైందట. సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడల్లా కోర్టుకు పోవడం, వాయిదా పడిందని తిరిగి రావడం. స్టోరుకు రావలసిన సరుకు ఆలస్యమైతే, "ఇది కూడా నా వకీలే పంపించినట్టుండాది" అనేవాడు.

నాకు లా చదవాలన్న కోరిక అక్కడే పుట్టింది. కోరుట్ల నుంచి వచ్చిన సెంట్రింగ్ పనివాడొకడు సైట్లో పడి చెయ్యి నలగ్గొట్టుకున్నాడు. కంపెనీ వాళ్ళు అతన్ని ఇంటికి పంపేయాలనుకున్నారు. లేబర్ ఆఫీసుకు పిలిచిన రోజు, అతనికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు కనుక, నన్ను తోడు పంపారు. చిచ్చా కూడా వచ్చాడు. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. నా ఇష్టంతోనే పని మానేస్తున్నానని ఉంది తప్ప, డ్యూటీలో దెబ్బ తగిలిందన్న మాట లేదు. నేను ఆ సంగతి హిందీలో అడిగాను. అక్కడి ఆఫీసరు కాగితం తీసుకుని చదివి, మా కంపెనీ మనిషి వైపు చూసి, మళ్ళీ రాసుకు రమ్మన్నాడు. ఆ పనివాడికి వైద్యం జరిగింది, రావలసింది వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు పికప్‌లో చిచ్చా నా పక్కనే కూర్చున్నాడు. పోర్టు క్రేన్లు కనబడుతుండగా అన్నాడు: "ఆడ అందరమూ వాని చెయ్యి చూస్తాండిమి. నువ్వొక్కడివే కాగితం చూస్తాండివి."

ఆ వారంలోనే నా మనసులో ఉన్నది చెప్పాను. "చిచ్చా, నేను లా చదువుత. మా దిక్కు ఎంట్రెన్స్ పెడతరట."

"వకీలువా?" అన్నాడు. లేచి వెళ్ళి, ఆ రోజు డ్యూటీ అయ్యేదాకా సిమెంటు బస్తాలు లెక్కపెడుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున టీ గ్లాసు నా ముందు పెట్టి అడిగాడు: "ఆ ఫారం యాడ దొరుకుతాది?"

ఫారం హైదరాబాదులో దొరుకుతుంది. మా బావ వెళ్ళి కొని, పోస్టులో పంపాడు. రైసూత్‌లో ఇంటింటికీ ఉత్తరాలు పంచే మనిషి లేడు. అన్నీ కంపెనీ పోస్టు బాక్సుకే వస్తాయి. మా ఫారం బొంబాయిలో ఆగిందో, మస్కట్‌లో ఆగిందో, వచ్చి చేరేసరికి గడువు దాటిపోయింది. "గీ ఏడు పోయినట్టే" అన్నాను. చిచ్చా కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "పోస్టును నమ్మినందుకు మంచి పని అయింది. వచ్చే సంవత్సరం మనుషులను నమ్ముదాం" అన్నాడు.

మరుసటి ఏడు అలాగే చేశాం. సెలవు ముగించుకుని వస్తున్న మా పక్క ఊరతను బావ దగ్గర ఫారం తీసుకుని వచ్చాడు. నింపడం మొదలుపెట్టాక తెలిసింది, అది నాలాంటివాణ్ణి దృష్టిలో పెట్టుకుని తయారుచేసింది కాదని. లోకల్ అనిపించుకోవడానికి ఏడేళ్ళ చదువు సర్టిఫికెట్లు కావాలి. డిగ్రీ నకలు మీదా, ఫోటో మీదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలి. చదువు సర్టిఫికెట్లు బావ చూసుకుంటానని రాశాడు. గెజిటెడ్ ఆఫీసర్‌ను రైసూత్‌లో ఎక్కడ వెతకను?

అలాంటి సంతకం పెట్టగల మన ఎంబసీ ఉన్నది మస్కట్‌లో. మధ్యలో అంతా ఎడారి, బస్సులో ఒక పగలంతా ప్రయాణం. అయితే ఎంబసీ వాళ్ళు అప్పుడప్పుడు సలాలా వచ్చి, ఇండియా వాళ్ళ క్లబ్బులో కూర్చుని పాస్‌పోర్టు పనులు చూసేవారు. ఒక శుక్రవారం ఇద్దరం వెళ్ళాం. క్లబ్బు బయట మెట్ల దాకా వరుస. మా వంతు వచ్చాక ఆఫీసరు ఫోటో చూసి, ఇవాళ పాస్‌పోర్టులు మాత్రమే, ఇలాంటివి మస్కట్‌కు తెచ్చుకోండి అన్నాడు.

నేను కాగితాలు తీసుకుని పక్కకు జరిగాను. చిచ్చా జరగలేదు. మా తర్వాతి మనిషి పని అయ్యేదాకా బల్ల పక్కనే నిలబడి, "సాబ్, ఏక్ దస్తఖత్. లడ్కా వకీల్ బనేగా" అన్నాడు, ఒక్క సంతకం చాలు, కుర్రాడు వకీలవుతాడని. ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. ఇంకో మనిషి పని అయింది. చిచ్చా మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. నాకు సిగ్గేసి, "పోదాం పా చిచ్చా" అని చొక్కా లాగాను.

"యాడికి? అడిగితే లేదంటారు, అంతే గదా. కొట్టరు గదా" అన్నాడు తెలుగులో.

మధ్యాహ్నం నమాజుకు జనం లేచే వేళకు ఆఫీసరు ఓడిపోయాడు. నవ్వుతూనే కాగితాలు లాక్కుని, సంతకం పెట్టి, ముద్ర గుద్దాడు. "ఈయన నీకేమవుతాడు?" అని నన్ను హిందీలో అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపు చిచ్చానే "స్టోర్ కీపర్" అన్నాడు.

నింపిన ఫారం, సెలవు మీద పోతున్న ఒకతని చేతిసంచీలో ఇండియా వెళ్ళింది. బావ దాన్ని గడువులోపల అందజేశాడు. హాల్ టికెట్ ఇంకొకరి వెంట వచ్చింది. పరీక్ష తేదీని గోడ మీదున్న సెలవుల పట్టికతో సరిచూసుకున్నాను.

మా స్టోర్ నుంచి ఒకసారి ఒక్కరే సెలవు మీద పోవాలన్నది కంపెనీ నియమం. ఆ వేసవి సెలవు చిచ్చాది. ఎప్పుడో మంజూరైంది. బక్రీదు ఇంట్లో చేసుకోవాలని కాదు, అంతకన్నా పెద్ద పని ఉంది. ఇన్నేళ్ళకు కేసు ఆయన సాక్ష్యానికి వచ్చింది. ఈసారి తప్పకుండా రావాలని ఆయన వకీలు ఉత్తరం రాశాడు. ఆ వాయిదా, నా పరీక్ష, రెండూ ఒకే నెలలో.

హాల్ టికెట్ ఆయన చేతికి ఇచ్చి, "వచ్చే ఏడు రాస్త చిచ్చా" అన్నాను.

ఆయన దాన్ని చదివాడు. గ్లౌజుల పెట్టె మీద పెట్టి, మేనేజరు గదికి వెళ్ళి వచ్చాడు. "నీ పేరు మీదికి మార్పించినా. కంపెనీ కాడ ఉండే నీ పాస్‌పోర్టు వచ్చే వారం ఇస్తారు."

"మరి మీ కేసు?"

"నా కేసు నేను పోయినా వాయిదా పడతాది, పోకపోయినా పడతాది. దాని అలవాటే అది. నీ పరీక్ష వాయిదా పడదు గదా అబ్బీ."

నేను నమ్మాను. కోర్టుల గురించి నాకప్పుడు తెలిసిందల్లా ఆయన చెప్పిందే.

బస్సులో మస్కట్, విమానంలో బొంబాయి, రైల్లో హైదరాబాదు. పరీక్ష రాశాను. సెలవు అయ్యేలోపలే ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది. తిరిగి రానని కంపెనీకి ఉత్తరం రాస్తే మేనేజరు కోప్పడ్డాడట. చిచ్చా ఆయన్ని ఏం అడిగాడో, ఎన్నిసార్లు అడిగాడో తెలియదు. రాజీనామా ఒప్పుకున్నారు. నా పెట్టె ఒక నిర్మల్ మనిషి వెంట వచ్చింది. నేను అక్కడ వదిలేసిన చెప్పులు కూడా అందులో ఉన్నాయి, తుడిచి, కాగితంలో చుట్టి.

మరుసటి ఏడాది చిచ్చా సెలవు మీద వస్తూ హైదరాబాదులో దిగి, మా లా కాలేజీ హాస్టల్‌కు వచ్చాడు. గేటు ఎదురుగా హోటల్లో కూర్చున్నాం. టీ వచ్చాక అడిగాను.

"కేసు ఏమైంది చిచ్చా?"

"అయిపాయ. మా చిన్నాయన కొడుక్కు ఇచ్చినారు." సిమెంటు లోడు వచ్చిందని చెప్పినట్టు చెప్పాడు. "నేను బోను ఎక్కకపోతిని గదా, జడ్జి మాత్రం ఏం చేస్తాడు?"

ఆ ఏడాదే మాకు సాక్ష్యాల చట్టం చెప్తున్నారు. సాక్షి రాకపోతే ఏమవుతుందో నాకు అప్పటికి తెలుసు. ఆయన సాక్ష్యం చెప్పి ఉంటే తీర్పు మారేదని ఇప్పుడైనా నేను చెప్పలేను. మారేది కాదనీ చెప్పలేను. నా ముఖం చూసి ఆయన టీ సాసరులోకి వంచుకుంటూ, "ఖల్లీ వల్లీ" అన్నాడు. పోనీలే అనడానికి గల్ఫ్‌లో అందరూ అనే మాట. "అప్పీలు అని ఒకటి ఉంటాదంట గదా. అది తేలేసరికి నువ్వు నల్లకోటు ఏసుకుంటావులే."

ఆయన లెక్క తప్పలేదు. నేను వకీలుగా ఎన్‌రోల్ అయ్యాక, ఆయన రైసూత్ వదిలి పూర్తిగా ఇంటికి వచ్చేశాక, అప్పీలు విచారణకు వచ్చింది. కేసు వాదించేది కడపలో పెద్ద వకీలు. నేను జగిత్యాల నుంచి వెళ్ళి ఆ వకీలు వెనక కూర్చున్నాను. ఆ పూట కేసు పిలవడం ఆలస్యమైంది. బయట టీ కొట్టు దగ్గర అవతలి పక్షం, అంటే పినతండ్రి కొడుకు, ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అప్పటికి అతనూ ముసలివాడే. చిచ్చా నేరుగా అతని దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

"బావి పక్క నేల నాకియ్యి. మిగతాది నువ్వే దున్నుకో" అన్నాడు చిచ్చా, పలకరింపు కూడా లేకుండా.

అతను చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఈ మాట అప్పుడే అడగొచ్చు గదా?" అన్నాడు.

"అప్పుడు అడగడం తెలీదు. వకీళ్ళే మాట్లాడతాండిరి."

అతను ఇంకో టీ చెప్పాడు. ఆ గ్లాసు చిచ్చాకు ఇచ్చాడు. రాజీ పిటిషన్ రాసే పని పెద్ద వకీలు నాకు అప్పజెప్పాడు. వృత్తిలో నేను రాసినవాటిలో ఇంకెవరూ ఒక్క మాటైనా దిద్దకుండా దాఖలైన మొదటి కాగితం అదే. మెట్ల మీద కూర్చుని ఇద్దరికీ తెలుగులో చదివి వినిపించాను. ఇద్దరూ సంతకాలు చేశారు.

ఆ తర్వాత చిచ్చా బావి కింద శెనక్కాయలు, కొంచెం పసుపు వేసుకున్నాడు. నేను ఏడాదికోసారి వెళ్ళేవాణ్ణి. నా కేసుల గురించి అడిగేవాడు. ఎవరు గెలిచారని కాదు, అవతలివాళ్ళతో ఒకసారైనా మాట్లాడావా అని. ఇప్పటికీ కొత్త కేసు వస్తే ముందు ఆ పనే చేస్తాను. కొందరు లేదంటారు. కొట్టినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

ఆఖరిసారి చూసింది ఈ వేసవిలో. వద్దంటే వినకుండా కడప బస్టాండు దాకా వచ్చాడు. బస్సు ఎంతకీ కదలదు. కిటికీలోంచి వెళ్ళిపొమ్మని సైగ చేస్తే, వినపడనట్టు చెరకు రసం బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బండివాడితో ఏదో మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. ఇంతలో డ్రైవరు వచ్చి ఎక్కాడు, బస్సు కదిలింది. చిచ్చా నిండు గ్లాసు పట్టుకుని గబగబా మా కిటికీ వైపు వస్తున్నాడు, రసం ఆయన మణికట్టు మీదుగా కారుతోంది. నేను చెయ్యి చాపాను. అందలేదు. బస్సు గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. ఎండలో, బస్సులు వచ్చిపోయే దారి మధ్యలో నిలబడి, తల పైకెత్తి, ఆ గ్లాసు తనే తాగేస్తున్నాడు.