మరియంబీ తుడిచిన ఖాళీ టేబులు

రోజూ ఉదయం ఇన్‌స్టిట్యూట్ తలుపు తీయగానే మరియంబీ చేసే మొదటి పని, ఏమీ లేని టేబులును తుడవడం. ముందు గదిలో వరుసగా ఉన్న టైపు మిషన్ల మీద దుమ్ము అలాగే ఉండేది. వాటి సంగతి తర్వాత. చెప్పులు బయట విడిచి, అద్దాల తలుపు తోసుకుని లోపలి గదిలోకి వెళ్లి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి ఆ టేబులును తుడిచేది. దాని మీదికి కంప్యూటరు రావలసి ఉంది.

అది ఎనభై ఏడో సంవత్సరం. ఆదోని స్టేషను రోడ్డులో పత్తి అంగళ్ల పైన, మేడ మీద ఉండేది కేశవులు టైపు ఇన్‌స్టిట్యూట్. కింద బేళ్లు దించినప్పుడల్లా దూది పోగులు మెట్ల మీదుగా పైకి లేచి వచ్చేవి. కంప్యూటరుకు దుమ్ము పడదని ఎవరో చెప్పగా కేశవులు ముందుగానే అద్దాల గది కట్టించాడు. మంత్రాలయంలో మూసేసిన ఒక లాడ్జి నుంచి పాత ఏసీ తెచ్చి గోడకు బిగించాడు. ఏసీ వచ్చింది, కంప్యూటరు రాలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గదిలో కేశవులు స్నేహితులు కూర్చుని మజ్జిగ తాగేవారు. వాళ్లు కూడా చెప్పులు బయటే విడిచేవారు. లేని కంప్యూటరుకు అంత మర్యాద జరిగేది.

మరియంబీ అక్కడ టైపు నేర్పేది. ఆమె తండ్రి ఉస్మాన్ సాబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తల్లి లేదు. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది ఆమె ఒక్కతే. టైపు హయ్యరు పాసయ్యాక కేశవులు పిలిచి పనిచ్చాడు. కొన్నేళ్లు బాగానే గడిచింది. తర్వాత తర్వాత పిల్లలు తగ్గసాగారు. చేరడానికి వచ్చినవాళ్లు మిషన్ల వంక చూసి, "కంప్యూటరు ల్యాదా మేడమ్?" అని అడిగి మెట్లు దిగిపోయేవారు. టైపు ఇంకెన్నాళ్లో నిలవదని ఆమెకు అర్థమయింది. తనకు చేతనైంది అదొక్కటే. అందుకే "కంప్యూటరు వస్తే నేర్పేది నువ్వే, మరియంబీ" అని కేశవులు అన్న రోజున ఆమెకు కాళ్ల కింద నేల గట్టిపడినట్టయింది. ఆ వేసవిలో బళ్లారిలో మేనత్త ఇంట్లో ఉండి కంప్యూటరు కోర్సు చదివి వచ్చింది. సర్టిఫికెట్టుకు పటం కట్టించి అద్దాల గదిలో, ఖాళీ టేబులు పైన తగిలించింది.

కేశవులు మోసగాడు కాదు. అదే ఈ కథలో చేదు.

ఆయనది ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. డెబ్బైలలో ఆయన తండ్రి ఆదెప్ప పాత మగ్గాలు అమ్మేసి, పెద్ద అంచు చీరలు నేసే కొత్త రకం మగ్గాలు వేయించాడు. ఆ పని పూర్తిగా చేతికి రాకముందే, అదే అంచుతో మర మగ్గాల చీరలు బజారులోకి వచ్చి పడ్డాయి. ఆదెప్ప కొన్నాళ్లు ఆ మగ్గాల పక్కన ఊరికే కూర్చున్నాడు. తర్వాత మంచం పట్టాడు. ఆ ఇంటి నుంచి కేశవులు తెచ్చుకున్నది ఒక భయం. రేపు పాతబడే మిషను నేడు కొనకూడదు.

"మా నాయన ఒక్క ఏడు ఆగింటే బతికిపోయిండేవాడు" అనేవాడు ఆయన ఎప్పుడు మాటొచ్చినా. "మనం ఆగుదాం, మరియంబీ."

మొదట కొనాలనుకున్నది ఎక్స్‌టీ అనే రకం కంప్యూటరు. బెంగుళూరులో బేరం కూడా కుదిరింది. తీసుకురావడానికి బయలుదేరే ముందు రోజు ఆయనకొక ఇంగ్లీషు పత్రిక దొరికింది. దాన్ని టేబులు మీద పరిచి మరియంబీని పిలిచాడు.

"లోపల ప్రాసెసర్ అని ఒక ముక్క ఉంటాది. అదే మారిపోతాందంట. మా మగ్గం మీద నాడె అటూ ఇటూ పోతాది సూడు, అట్ల. ఎక్స్‌టీలో నాడె ఒగసారికి ఎనిమిది పోగులు తీసుకపోతాది అనుకో. ఈ కొత్త ఏటీలో పదారు. ఇప్పుడు ఎనిమిది పోగులది కొంటే ఎవడన్నా నవ్వుతాడా, ల్యాదా?"

"నవ్వుతారు సార్" అంది మరియంబీ. తను బళ్లారిలో నేర్చుకున్నది ఆ ఎనిమిది పోగుల దాని మీదే అన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

ఏటీ బజారులోకి వచ్చేసరికి పత్రికల్లో త్రీ ఎయిటీ సిక్స్ మాట మొదలైంది. అది ముప్పై రెండు పోగుల నాడె. దాని పక్క పేజీలో ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు బొమ్మ, చిన్న సూట్‌కేసంత లావు. కేశవులు ఆ బొమ్మ కత్తిరించి గోడకు అంటించాడు. టేబులు మీద ఒకటి, ఒళ్లో ఒకటి, రెండూ ఒకేసారి తేవాలని, ఒళ్లోదాన్ని ఎమ్మిగనూరు తీసుకుపోయి నేతవాళ్లందరికీ చూపించాలని ఆయన ఆశ. మరియంబీ టేబులు తుడిచాక ఆ బొమ్మను కూడా ఒకసారి తుడిచేది.

ఉస్మాన్ సాబ్ కుర్చీ కోసం ఒక మెత్త కుట్టిచ్చాడు. మంచి దూది, రెండుసార్లు ఏకింది. కుట్టినంతసేపూ కూతుర్ని ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"రాని అల్లునికి పరుపు కుట్టిచ్చుకుంటాండావు గదమ్మా. మొగం సూసినావా ఎప్పుడన్నా?"

"బళ్లారిలో సూసినాలే నాయనా."

"ఆడ సూసింది వాళ్ల అన్నను కదా. తమ్ముడొస్తాడంటివి. ఇప్పుడేమో తమ్ముడు గాదు, వాని తమ్ముడంటాండావు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఏడే కోడుమూరు నుంచి నిజంగానే ఒక సంబంధం వచ్చింది. బియ్యం అంగడి, నెమ్మదస్తుడైన మనిషి. కంప్యూటరు రానీ నాయనా, అంది మరియంబీ. వాళ్లు కొన్నాళ్లు ఎదురుచూసి వేరేచోట చేసుకున్నారు.

ఈలోగా పాత బస్టాండు దగ్గర జయరాజు అనే ఆయన కంప్యూటరు సెంటరు తెరిచాడు. ఏసీ లేదు, అద్దాల గది లేదు. ఎవరో వాడి వదిలేసిన ఎక్స్‌టీలు, వాటి మీద తడికెలోంచి పడే ఎండ. ఒకరోజు జయరాజు స్వయంగా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చాడు. కేశవులు లేని సమయం చూసుకునే వచ్చినట్టున్నాడు.

"మరియంబీ, నీకు బళ్లారి సర్టిఫికెట్టు ఉందంట కదమ్మా. మా తావ పిల్లోళ్లుండారు, మిషన్లుండాయి, నేర్పే మనిషే ల్యాదు. వస్తావా?"

"మీ మిషన్లు పాతవి కదన్నా."

"పాతవే. ఉన్నదాని మీద నేర్పుదువుగాని. ఈడ ల్యానిదాన్ని ఎన్నాళ్లని తుడుస్తావు?"

ముందు గదిలో టైపు కొడుతున్న పిల్లలు చేతులు ఆపారు. మరియంబీ ముఖం వేడెక్కింది. జయరాజు వెళ్లాక, ఆ వేడి తగ్గకముందే సారమ్మ అనే పిల్ల అడిగింది. మాట తక్కువ పిల్ల, టైపులో మధ్యస్థం.

"మేడమ్, నేను జయరాజు సార్ తావ చేరితే యట్లుంటాది?"

"చెత్తలో వేసే మిషన్ల మీద నేర్చుకుంటే నిన్ను కూడా అదే చెత్తలో వేస్తారు" అంది మరియంబీ, అందరికీ వినబడేలా. "ఆగు. కొత్తది వస్తాంది."

అది కేశవులు మాట. ఎన్నిసార్లు విన్నదో, తన మాటే అయిపోయింది. పిల్లలు నవ్వారు. సారమ్మ తల వంచుకుని పేజీ పూర్తి చేసింది. నెల తిరగకుండా మానేసి జయరాజు దగ్గర చేరిపోయింది. మరికొందరు మరియంబీ మాట విని ఆగారు. వాళ్లలో చాలామంది తర్వాత పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, కొందరు అంగళ్లలో కుదిరారు.

ఎనభై తొమ్మిది చివర్లో త్రీ ఎయిటీ సిక్స్ వచ్చింది. ఒళ్లోది రాలేదు. బొమ్మ గోడ మీదే ఉండిపోయింది. పెట్టెలు విప్పి, తీగలు కలిపి, బెంగుళూరు మనిషి వెళ్లిపోయాడు. మరునాడు ప్రారంభం. కేశవులు కొబ్బరికాయ కొట్టి, పిల్లలకూ పెద్దలకూ పేడాలు పంచాడు. మరియంబీ రంజానుకు కట్టిన చీర మళ్లీ కట్టుకుంది. ఇంట్లో ఎగిరే దూది అంటకుండా తలకు పైట చుట్టుకుని వచ్చి, మెట్ల దగ్గర విప్పి దులుపుకుంది. అద్దాల గది బయట చెప్పులు విడుస్తుంటే అక్కడ ఆమె ఎప్పుడూ చూడని ఆడవాళ్ల చెప్పుల జత ఒకటి కనిపించింది. ఎవరో పిల్ల తల్లివి అనుకుంది.

"కూర్చో, మరియంబీ. అందరూ సూస్తాండారు, ఏదన్నా కొట్టు" అన్నాడు కేశవులు.

తండ్రి కుట్టిన మెత్త మీద కూర్చుంది. తెర వెలిగింది. పదేళ్లుగా పిల్లలకు నేర్పుతున్న అర్జీ ఉత్తరం కొట్టడం మొదలుపెట్టింది. వేళ్లు పరుగెత్తాయి. అక్షరాలు తెర మీద చప్పుడు లేకుండా పుట్టాయి. వెనక ఎవరో అబ్బా అన్నారు. సరిగ్గా పంక్తి చివరికి వచ్చేసరికి ఆమె ఎడమచేయి పైకి లేచి, టైపు మిషను మీద పంక్తి మార్చే మీట కోసం గాలిలో వెతికి, అలవాటుగా గట్టిగా కుడివైపుకు తోసింది. ఆ చేయి తెర పెట్టెకు తగిలి, పెట్టె టేబులు మీద పక్కకు జరిగింది.

"అయ్యో, సూసుకో" అంటూ కేశవులు రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు.

పిల్లలు నవ్వారు. మరియంబీ కూడా నవ్వి, మళ్లీ మొదలుపెట్టింది. రెండో పంక్తి చివర చేయి మళ్లీ లేచింది. ఈసారి మధ్యలోనే ఆపుకుని ఒళ్లో పెట్టుకుంది. రాసింది చెరిగిపోకుండా కంప్యూటరులో దాచి పెట్టాలంటే ఏ మీటలు నొక్కాలో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. బళ్లారిలో వచ్చేది. తర్వాత ఆ మీటల మీద వేలు పెట్టే అవకాశమే కలగలేదు.

"సారమ్మా, నువ్వు సూడమ్మా" అన్నాడు కేశవులు.

తలుపు దగ్గర నిలబడ్డవాళ్లలోంచి సారమ్మ ముందుకు వచ్చింది. బయట ఉన్న చెప్పులు ఎవరివో మరియంబీకి అప్పుడు తెలిసింది. ఎవరో పిలవగా అప్పటికప్పుడు వచ్చిన మనిషి కాదు. నేర్పే పనికి కేశవులు ముందే ఆ పిల్లతో మాట్లాడి పెట్టుకున్నాడు. సారమ్మ వంగి, కుర్చీలో ఉన్న మేడమ్ భుజం మీదుగానే రెండు మీటలు నొక్కింది. ఉత్తరం లోపల భద్రమైంది.

"కొత్తదాని మీద ఎప్పుడు నేర్చుకున్నావే?" మరియంబీ గొంతు తగ్గించి అడిగింది.

"ల్యాదు మేడమ్. జయరాజు సార్ తావ పాతదాని మీదే. రెండూ ఒకటే. ఇది కొంచెం బిన్నా, జోరుగా పోతాది, అంతే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనగలిగేది.

అందరూ వెళ్లాక మరియంబీ కేశవులు ముందు నిలబడింది.

"సార్, ఇన్నాళ్లు మీరే కదా ఆగమన్నారు."

కేశవులు తెర పెట్టె మీద పడ్డ ఆమె వేలిగుర్తులు చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. "నేను మిషనుకు ఆగినానమ్మా. కొత్త మిషను పెట్టుకుని పాత కోర్సు చేసినోళ్లతో సెప్పిస్తే జనం నవ్వరా? నువ్వే సెప్పు."

"సారమ్మది కూడా పాత మిషనే కదా సార్."

"ఆ పిల్ల సెయ్యి ఆగల్యాదు" అన్నాడు ఆయన. అని, తన నోటి నుంచి వచ్చిన మాటను తనే విన్నట్టు తుడవడం ఆపాడు. తర్వాత మళ్లీ తుడుస్తూ, "టైపు సెక్షను నీదే. దానికేం భయం ల్యా" అన్నాడు.

మరియంబీ గోడ మీది సర్టిఫికెట్టు పటం తీసి చంకలో పెట్టుకుంది. మెత్త తీసుకుపోవాలా వద్దా అని ఆలోచించి వదిలేసింది. ఇంటికి వెళ్లేసరికి ఉస్మాన్ సాబ్ దూది కుప్ప మధ్య కూర్చుని ఉన్నాడు.

"వచ్చినాడా అల్లుడు?"

"వచ్చినాడు నాయనా."

"యట్లుండాడు?"

"బాగుండాడు. మనోడు కాదు."

ముసలాయన చేతిలో దూది ఏకే విల్లు ఆగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ హాస్యం మళ్లీ ఎవరూ ఆడలేదు.

ఆమె జయరాజు దగ్గరికి కూడా వెళ్లింది. ఆయన కుర్చీ వేసి, టీ తెప్పించాడు. "నువ్వు ఆ పొద్దు వచ్చింటే ఈ సెంటరు నీ చేతి కిందే ఉండేది. ఇప్పుడు ఈడ నేర్చుకున్న పిల్లోళ్లే నేర్పుతాండారు. వాళ్లను యట్ల తీసేసేదమ్మా?" అన్నాడు. టీ మంచిదే. తాగి వచ్చింది.

టైపు సెక్షనుకు భయం లేదన్న మాట ఏడాది కూడా నిలవలేదు. ఇంకో రెండు కంప్యూటర్లు పెట్టడానికి ముందు గది కావలసి వచ్చింది. టైపు మిషన్లను తూకానికి అమ్మేస్తూ, కేశవులు ఒకటి ఆమెకు ఇచ్చాడు. ఉచితంగానే ఇచ్చాడు, రిక్షా కూడా ఆయనే మాట్లాడాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా వెళ్లింది మరియంబీ.

ఇప్పుడు ఆమె ఆదోని కోర్టు ఎదుట, రేకుల పంచ కింద ఆ మిషను పెట్టుకుని, ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు అర్జీలు కొట్టి పెడుతోంది.