మెకానిక్ గారి మాటల పుస్తకం

ఆ పుస్తకాల షాపులో ఆవిడను అందరూ జిగురక్క అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ సరిగ్గానే పెట్టారు. పందొమ్మిదేళ్లుగా ఆవిడ కౌంటరు మీద జిగురు డబ్బా లేని రోజు లేదు. అట్ట ఊడిన పుస్తకం కంటపడితే ఆవిడ చేతులు ఊరుకోవు. పైగా ఎవరైనా ఫలానా పుస్తకం కావాలని వస్తే, అది దొరికేదాకా వాళ్లను వదిలిపెట్టదు.

వచ్చేవాళ్లేమైనా తక్కువ తిన్నారా! "పేరు గుర్తులేదు మేడమ్. నీలం అట్ట. పోయినేడాది ఆ మూల చూశాను" అంటాడొకాయన. ఏడాది పొడుగునా ఆ పుస్తకం తన కోసం కదలకుండా కూర్చుంటుందని ఆయన నమ్మకం. ఇంకొకావిడకు మూడు భాగాల నవలలో రెండో భాగం ఒక్కటే కావాలి. మొదటిది ఎవరో ఇచ్చారట, మూడోది ఎవరో ఒకరు ఇవ్వకపోరట. రోజూ సాయంత్రం ఒక పెద్దమనిషి వచ్చి, నిలబడే ఇరవై పేజీలు చదివి, బస్సు టికెట్టు గుర్తు పెట్టి వెళ్లిపోతాడు. ఒకరోజు ఆ పుస్తకం కాస్తా అమ్ముడుపోయింది. "కథ మంచి పట్టులో ఉండగా ఎలా అమ్మేస్తారండీ?" అని ఆయన జిగురక్కను నిలదీశాడు. ఆవిడ నోటికి వచ్చినవన్నీ అనేసింది. రెండు రోజులు పోయాక ఇంకో కాపీ తెప్పించి, ఆయన ఆగిన పేజీ వెతికి మరీ టికెట్టు ముక్క పెట్టి ఉంచింది. జిగురక్క కోపం పాలపొంగు. గిన్నె దించితే అయిపోతుంది.

ఎంత విసుక్కున్నా ఆ షాపంటే ఆవిడకు ప్రాణం. భర్త పనిచేసే మిల్లు మూతబడిన రోజుల్లో, పని కోసం తిరిగి తిరిగి కాళ్లు అరిగిపోయాక, చివరికి ఈ మెట్లెక్కింది. చదువు అంతంతమాత్రం. నాన్న బైండింగు పని చేసేవాడు కాబట్టి చేతికి ఆ పని వచ్చు. షాపు యజమాని ఏమీ అడగలేదు. వెన్ను విరిగిన నిఘంటువు ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. గంటలో ఆవిడ దాన్ని నిలబెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "రేపట్నుంచి వచ్చేయండమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇంట్లో పొయ్యి వెలిగింది. అది ఆవిడ ఎన్నడూ మరిచిపోలేదు.

ఈ సంగతి జరిగింది పరీక్షల రోజుల్లో. షాపు కిటకిటలాడుతోంది. గైడు పుస్తకాల కోసం పిల్లలూ తల్లిదండ్రులూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. వాళ్ల మధ్యనుంచి ఒక ముసలాయన, ఆయన భార్య కౌంటరు దగ్గరకు వచ్చారు. ఆయన చేతిలో చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఉంది. బొమ్మ, కింద దాని పేరు. అంచులు నలిగి, అట్ట వేలాడుతోంది.

"ఇలాంటిదే ఇంకోటి కావాలమ్మా" అంది భార్య. "మా ఆయన మెకానిక్. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అక్షరాలు కూడబలుక్కోలేరు, చెయ్యి రాయదు. బొమ్మ చూస్తే మాత్రం ఠక్కున గుర్తుపడతారు. ఏం కావాలన్నా ఇందులోనే వేలు పెట్టి చూపిస్తారు. ఇది చిరిగిపోకముందే ఇంకోటి కొని దాచుకుందామని."

జిగురక్క పేజీలు తిప్పింది. అచ్చు బొమ్మల పక్కన ఖాళీల్లో ఆ ఇల్లాలు మనవల ఫోటోలు, స్పానర్లు, సుత్తుల బొమ్మలు కత్తిరించి అంటించింది. పెన్సిలుతో గీసిన మోకాలి బొమ్మ పక్కన 'నొప్పి' అని రాసి ఉంది.

"ఇక్కడ పెట్టి వెళ్లండి పిన్నిగారూ. అచ్చేసినవాళ్ల నంబరు రాసుకుని కనుక్కుంటాను."

"పక్క వీధిలో మందులు తీసుకుని అరగంటలో వచ్చేస్తాం" అంది ఆవిడ. మెకానిక్ గారు పుస్తకం వదల్లేక వదల్లేక వదిలారు.

జిగురక్క వెంటనే ఫోన్ చేసింది. "అది వేయడం మానేసి చాలా కాలమైందండీ, కాపీలు కూడా లేవు" అని అవతలి నుంచి జవాబు. ఈ మాట వాళ్లకు ఎలా చెప్పాలా అనుకుంటూ పుస్తకం ఎడమ పక్కన పెట్టింది. ఆ పక్కనే పాడైన పుస్తకాల దొంతర ఉంటుంది. జనం తిరగేసి నలిపేసినవి, తడిసినవి, జిగురక్క జిగురుకు కూడా లొంగనివి అక్కడ చేరతాయి. వారానికోసారి వ్యాను వచ్చి వాటిని కాగితం గోడౌనుకు పట్టుకుపోతుంది. ఎవరూ మళ్లీ అమ్ముకోకుండా అక్కడ ముందు మిషనులో పెట్టి వెన్ను కోసేస్తారు.

ఇంతలో ఎవరి సంచో తగిలి ఆ దొంతర కాస్తా దబ్బున కూలింది. అదే నిమిషానికి బయట వ్యాను హారను. "తొందరగా, వెనకాల బండ్లు ఆగిపోయాయి!" అని డ్రైవరు కేకలు. నలుగురు గైడ్ల కోసం అరుస్తుంటే, జిగురక్క వంగి రెండు చేతులా పుస్తకాలు ఎత్తి కట్ట కట్టింది. అట్ట కిందుగా, తెరుచుకుని ఉన్నది ఒకటి చేతికొచ్చింది. పేజీ నిండా పెన్సిలు గీతలు, అంటించిన కాగితాలు. "ఏ మహానుభావుడి పనో! అమ్మే పుస్తకమని కూడా చూడరు" అని గొణుక్కుని దాన్నీ కట్టలో తోసేసింది. వ్యాను వెళ్లిపోయింది.

మెకానిక్ గారు వచ్చి, పుస్తకం కోసం చెయ్యి చాపారు. జిగురక్క ఎడమ పక్కకు తిరిగింది. అక్కడ ఖాళీ బల్ల. కట్టలో తోసేసిన ఆ పెన్సిలు గీతల పుస్తకం గుర్తొచ్చింది. చెప్పక తప్పదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పింది.

భార్య కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. "అది లేకపోతే ఈయనకి నోరే లేదు తల్లీ."

మెకానిక్ గారు చాపిన చెయ్యి అలాగే ఉంచారు. జిగురక్క ఆ చేతివంక చూడలేకపోయింది. యజమాని గారు అన్నిటికీ "చూద్దాం" అనే మనిషి. ఆ రోజు మాత్రం చూద్దాం అనలేదు. తనే కౌంటరులోకి వచ్చి, "మీరు వెళ్లండమ్మా, ఇక్కడ నేను చూసుకుంటాను" అన్నాడు. వాళ్లిద్దరినీ తన గదిలో కూర్చోబెట్టాడు.

గోడౌనుకు పోయే బస్సులో ఆవిడ ఒకటే అనుకుంది: కట్ట ఇంకా విప్పి ఉండకూడదు. గోడౌను చేరేసరికి కట్ట విప్పారు, మిషనులో కూడా పెట్టేశారు. వెన్ను తెగిన కాగితాలు గుట్టగా పడి ఉన్నాయి. మిషను దగ్గరి పెద్దావిడ మొదట కసురుకుంది. సంగతి విన్నాక మిషను ఆపేసి, కొంగు నడుముకు చెక్కుకుని, తనూ ఆ గుట్టలో కూర్చుంది. "మా అన్నకీ ఇట్లాగే మాట పోయింది. వెతుకు, వెతుకు, దొరుకుతాయి" అంది. ఇద్దరూ రెండు గంటలు ఆ కాగితాలతో కుస్తీ పట్టారు. నలభై కాగితాల్లో ముప్పైమూడు దొరికాయి. మనవల ఫోటోలున్నది దొరికింది. ఆ కాగితం చేతికి తగిలినప్పుడు జిగురక్క కళ్లు తుడుచుకుంది. ఆ పెద్దావిడ పేరు కూడా జిగురక్క అడగలేదు. ఇప్పటికీ రోజూ ఆవిడను తలుచుకుంటుంది.

జిగురక్క షాపుకు తిరిగి వచ్చాక, ఆ దంపతులతో కలిసి ముగ్గురూ యజమాని గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆవిడ కాగితాలు వరస పెట్టి, దారంతో కుట్టి, గట్టి అట్ట వేసింది. పోయిన ఏడు కాగితాల్లో ఏమేముండేవో భార్య చెబుతుంటే, పాత పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి అంటించింది. దొరకనివి తనే గీసింది. ఆవిడ గీసిన కుక్కను చూసి మెకానిక్ గారు పిల్లి బొమ్మ మీద వేలు పెట్టారు. ఆయన మళ్లీ మాట్లాడినట్టే కదా అని ఆవిడ పొంగిపోయింది. కానీ మనసులో ముల్లు పోలేదు.

"బాబాయ్ గారూ, ఇందాకట్నుంచి నన్ను ఒక్క మాట అనలేదు మీరు. తిట్టేయండి. నాకు కాస్త తేలికపడుతుంది."

మెకానిక్ గారు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పారు. మళ్లీ వెనక్కి తిప్పారు. నీళ్లు, మంచం, కాఫీ, బస్సు, నొప్పి. ఆఖరికి అరచెయ్యి పేజీ మీద ఆనించి ఊరుకున్నారు.

"తిట్లెక్కడున్నాయమ్మా అందులో!" అంది భార్య. "షెడ్డులో ఈయన నోరంటే అందరికీ హడల్. ఇంట్లోనూ అంతే. నాకు అదే తోచలేదు. రెండేళ్లుగా అన్నం, నీళ్లు, నొప్పి, ఇవే అంటించాను. కోపం వస్తే గోడవైపు తిరిగి పడుకుంటారు."

జిగురక్క గట్టి కాగితం ఒకటి తీసుకుంది. "చెప్పండి పిన్నిగారూ, ఏమేం తిట్టేవారు?"

భార్య మొదట నవ్వింది, తర్వాత వరసగా చెప్పింది. జిగురక్క ప్రతి తిట్టుకూ ఒక మొహం గీసి, కింద మాట రాసింది. గుడ్లురిమే మొహం: 'కళ్లెక్కడ పెట్టుకున్నావ్?' బుర్ర లేని మనిషి: 'బుర్ర ఇంట్లో వదిలేసి వచ్చావా?' పెద్ద చెవి: 'చెబితే వినపడదా?' కాగితం నిండిపోయింది. దాన్ని పుస్తకానికి కుట్టి, ఆయన ముందుకు జరిపింది.

మెకానిక్ గారు ఆ పేజీని చాలాసేపు చూశారు. తలెత్తి, జిగురక్క మొహంలోకి సూటిగా చూసి, మొదటి బొమ్మ మీద వేలితో టకటకా మూడుసార్లు కొట్టారు. కళ్లెక్కడ పెట్టుకున్నావ్? ఆ తర్వాత రెండోది. అక్కడితో ఆగలేదు. భార్యవైపు తిరిగి, చెవి బొమ్మ మీద గోరు విరిగేలా పొడిచారు. ఆయన మొహం ఎర్రబడింది, మీసం అదిరింది.

"చూశావా, చూశావా, మా ఆయనే!" అంటూ భార్య పమిటతో మొహం కప్పుకుని నవ్వుతూ ఏడ్చేసింది.

పందొమ్మిదేళ్లలో జిగురక్క ఆ షాపులో తిన్న తిట్లకు లెక్కలేదు. అలా కడుపు నిండింది మాత్రం ఆ రోజే. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, పేజీని ఆయనకు ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"ఇంకోసారి అనండి బాబాయ్ గారూ."