డయల్ ముల్లు నేను చదివిన రోజులు

సూర్యాపేటలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో మా ఆయనకు కాలితో తొక్కి తిప్పుతూ ఇనుము చెక్కే లేత్ మిషన్ ఉండేది. మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి అరిగిపోయిన ఇరుసులు, పంపు కడ్డీలు బండ్ల మీద వచ్చేవి. కడ్డీని మిషన్‌కు బిగించాక అది నడిమధ్యన తిరుగుతోందో, వంకర పోతోందో సుద్దముక్క ఆనించి, పడిన గీత చూసి ఆయన చెప్పేవారు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటేడు ఆ గీత ఆయన కంటికి సరిగా ఆనడం మానేసింది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయనేవారు. హైదరాబాదు దవాఖానకు పోదామని నేనంటే, "చేతిల పని అయినంక పోదాం" అనేవారు. ఆ పని తీరేసరికి మా వైపు రజాకార్ల గొడవలు ముదిరాయి. రోడ్లు తెగ్గొట్టారు. బస్సులు నిలిచిపోయాయి.

బస్సులు ఆగకముందే, మాకు తెలిసిన ఒకాయన సికింద్రాబాదులో మిలటరీ పాత సామాను అమ్మేచోట కొన్న డయల్ గేజి ఆయనకు తెచ్చిచ్చాడు. చూడడానికి జేబు గడియారంలా ఉండేది, కింద చిన్న పుల్ల. తిరిగే కడ్డీకి ఆ పుల్ల ఆనిస్తే, వెంట్రుకవాసి వంకర ఉన్నా ముల్లు కదులుతుంది. కానీ దాన్ని మిషన్‌కు పట్టి ఉంచే పట్టీ లేదు.

బస్సులు లేని ఆ నెలల్లో ఆయన ఆ పట్టీ చేయడానికి కూర్చున్నారు. మొదట సన్న కడ్డీతో చేస్తే అదే ఊగింది. వేలు ఆనించి పసిగట్టి, తీసి పక్కన పెట్టారు. రెండోసారి మందపాటి ఇనుముతో చేశారు. ఆకురాయితో అరగదీయడం, తడిమి చూడడం, మళ్లీ అరగదీయడం. పని మీద శ్రద్ధ అనుకున్నాను నేను.

బిగించిన పొద్దున నన్ను పిలిచారు. కడ్డీని చేత్తో మెల్లగా తిప్పుతూ, "ముల్లు ఎటు పోతున్నదో జర సూడు" అన్నారు.

"నీ ముంగటనే ఉన్నది గదా."

ఆయన చెయ్యి ఆగింది. "అద్దం మెరుస్తున్నది. ముల్లు కనిపిస్తలేదు."

"ఎన్నాళ్ల సంది?"

"పట్టీ మొదలువెట్టక ముందు సంది."

నేను ఏడిస్తే ఆయన తట్టుకోలేరని డయల్ వైపు తిరిగాను. "కుడికి మూడు గీతలు పోయింది" అన్నాను. ఆయన కడ్డీని పట్టిన మరల్లో ఒకవైపుది వదులు చేసి, ఎదుటిది బిగించి, మళ్లీ తిప్పారు.

"ఇప్పుడు?"

"ఒక్క గీత."

"ఇంక జర ఉన్నదన్నట్టు."

ముల్లు కదలకుండా నిలిచేదాకా ఇద్దరం అలాగే చేశాం.

బస్సులు మళ్లీ తిరగగానే హైదరాబాదు వెళ్లాం. నీటికాసులన్నాడు డాక్టరు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయే జబ్బట. ముందే వచ్చి ఉంటే అప్పటికి ఉన్న చూపైనా నిలిపేవాళ్లమన్నాడు. బయట బల్ల మీద కూర్చుని ఆయన, "పని అయినంక అంటి గదా" అన్నారు.

కొన్నాళ్లు నేను ముల్లు చదువుతుంటే ఆయన పని చేశారు. ఒకరోజు కడ్డీ నుంచి లేచిన ఇనుప తురుము చుట్టుకుని ఆయన అరచెయ్యి చీరుకుపోయింది. నేను కట్టు కడుతుంటే, "మిషన్ ఇచ్చేద్దాం ఇగ" అన్నారు.

కోదాడ ఆసామి ఒకాయన మిషన్ కొన్నాడు. బండి వెంట మేమిద్దరం వెళ్లాం. అక్కడి వసారాలో దాన్ని నిలబెట్టాక, ఆయనే తడుముకుంటూ గేజిని బిగించారు.

"ఇది ఎలా చూడాలండీ?" అని ఆ ఆసామి అడిగాడు.

"నన్ను అడిగితె ఏం లాభం? ఆమె చెప్తది" అన్నారు ఆయన, గోడవైపు తిరిగి.

నేనే చూపించాను.

ఆ తరువాత ఆయన నులక మంచాలు అల్లారు. ఇంత బిగువైన అల్లిక ఎక్కడా చూడలేదని జనం మెచ్చుకునేవారు. ఆయన తల వంచుకుని తాడు లాగుతూ ఉండేవారు.