గచ్చు మీద సుద్దగీత

కూతురూ అల్లుడూ పనుల్లో ఉంటారు కాబట్టి, ఈ కువైట్ జాబ్రియాలో మనవణ్ణి బడి నుంచి తీసుకొచ్చే పని నాకు అప్పజెప్పారు. చుట్టపుచూపుగా వచ్చినా ఊరికే కూర్చోవడం నాకు మొదటి నుంచీ చేతకాదు. కిందటి వారం నన్ను లోపలి దాకా రానిచ్చారు. చూస్తే వరండా గచ్చు మీద పొడుగునా రంగు పట్టీలు, నీలం పట్టీ నీళ్ళ దగ్గరికి, పచ్చది ఆటస్థలానికి, ప్రతి తలుపు మీదా పిల్లవాడి ఎత్తులో ఒక బొమ్మ. దారి తెలియక బెదిరిపోయే పిల్లల కోసం ఈ మధ్యనే వేయించామని టీచరమ్మ ఇంగ్లీషులో చెబితే మనవడు తెలుగు చేశాడు. మంచి పని చేశారు తల్లీ అన్నాను గాని, ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు, ఇరాక్ సిపాయిలు కువైట్ మీద వచ్చి పడిన ఆ ఎండాకాలం ఎలాంటిదో. అప్పుడు నేను ఇక్కడే మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పని చేసేదాన్ని. యజమానురాలిని మామా అనేదాన్ని, వాళ్ళు సెలవులకని వేరే దేశం పోయి ఉన్నారు. వీధిలోకి తుపాకులు రాగానే ఇంటికి తాళం వేసి, తోటి ఆడవాళ్ళతో కలిసి, మనవాళ్ళందరూ చేరుతున్న ఒక బడికి వచ్చిపడ్డాను. పేరు రాయించుకొని ఊరికి పంపే బస్సుల కోసం చూడడం తప్ప అక్కడ పని లేదు. బయట ఏ మోటారు మోగినా మూటలు కట్టేవాళ్ళం, అది పోగానే విప్పేవాళ్ళం, ఒకరు లేచి తిరిగితే అందరమూ లేచి తిరిగేవాళ్ళం.

ఆ బడి కట్టినవాడికి ఒకే తలుపు తెలుసేమో, గదులన్నీ ఒక్క తీరు. తలుపుల మీద ఏదో రాసి ఉండేది గాని నాకు అప్పటికి ఓనమాలు రావు, యాభై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నదాన్ని. నీళ్ళకని పోయి మగవాళ్ళ గదిలో దూరి తిట్లు తిన్నాను.

నాలాగే దారి తప్పే పిల్ల ఒకతె ఉండేది. మా గదిలోనే రాయచోటి సాయిబులామె ఉండేది, భర్త ఊరికి పోయినప్పుడు ఈ గొడవ వచ్చిపడి కూతురితో ఒంటరిగా చిక్కింది. ఆ కూతురికి ఏడెనిమిదేళ్ళుంటాయి, నోట మాట లేదు, తలెత్తి ఎవరి మొహమూ చూడదు, నడిస్తే చూపంతా నేల మీదే. దారి తప్పితే చెవులు మూసుకొని బడి అదిరేటట్టు అరిచేది. తల్లి దాన్ని దుపట్టాతో తన చేతికి కట్టుకొని తిరిగేది. రొట్టెల వరసలో ముడి వదులై, పిల్ల ఒకనాడు సిపాయిలు నిలబడిన వీధి గేటు దాకా పోయింది. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే వేరే చోటు చూసుకోమ్మా అని అక్కడి ఏర్పాట్లు చూసే సారు తల్లికి చెప్పేశాడు. ఆమెకు వేరే చోటంటూ లేదు.

మా ఊళ్ళో నేను చదువు లేకుండానే ముంగిట ముగ్గు చూసి ఏ ఇల్లు ఎవరిదో చెప్పేదాన్ని. పిల్ల చూపు నేల మీద, బడి నిండా సుద్దముక్కలు, ఇంకేం కావాలి? మా గది ముందు తామరపువ్వు, నీళ్ళ గది ముందు కుండ, నడుమ పొడుగునా గీత వేశాను.

"నా బిడ్డ కోసరం ముగ్గేసినావని మా అత్తకు తెలిస్తే నన్ను గడప తొక్కనీదక్కా," అని నవ్విందామె. అక్కడికొచ్చాక ఆమె నవ్వగా చూడడం నేను అదే మొదలు.

పిల్ల గీత పట్టుకొని చక్కగా వచ్చి, తామర దగ్గర చిక్కుకుంది. ముగ్గు గీత తెగకూడదు కదా, ఎటుపోయినా మొదటికే వస్తుంది. అది ఒక్కో రేకూ చుట్టి మళ్ళీ మళ్ళీ తిరుగుతుందే గాని గదిలోకి రాదు.

"ఏందక్కా, బిడ్డను గానుగకు కట్టినావా?" అన్నాడు వరండాలో ఒకాయన.

ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. తామరను కాలితో చెరిపేశాను. తెగిన ముగ్గు వేయడానికి చెయ్యి ఒప్పుకోకపోయినా, మళ్ళీ తామర వేసి ఒక రేకును విడగొట్టి, గీతను గడప మీదుగా వాళ్ళ చాప దాకా లాగాను. పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది.

అంతమంది తొక్కే నేల, సాయంత్రానికల్లా గీత మాసేది, రోజూ పొద్దున్నే వంగి దిద్దేదాన్ని, తొక్కినవాళ్ళను మొహమాటం లేకుండా తిట్టేదాన్ని. పోనుపోను గానుగ అన్నాయనతో సహా అందరూ గోడవారగా నడవడం మొదలుపెట్టారు. తల్లి దుపట్టా ముడి విప్పేసింది.

బస్సులు ఒక మిట్టమధ్యాహ్నం వచ్చాయి. యల్లా యల్లా, కదలండి అంటూ సారు తోస్తుంటే నేను ఎక్కి కిటికీ పక్కన చోటు పట్టుకున్నాను. పిల్ల మాత్రం గీత అయిపోయిన గుమ్మం దగ్గర పాతేసినట్టు నిలబడిపోయింది. లాగితే అరుపు, ఆ అరుపుకు సిపాయిలు ఇటు తిరిగారు, డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడు. వెనక బస్సుకు రమ్మన్నాడు సారు, వెనక బస్సు ఉందో లేదో ఆయనకే తెలియదు. తల్లి ఏడవలేదు, నా కిటికీ కేసి చూసింది.

"అక్కా, సుద్ద ఉండాదా?"

బొడ్లో ఉంది. దిగాను. పిల్ల కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి వంగి గీస్తూ పోయాను. ఆ గరుకు తారు సుద్దను తినేస్తోంది, వీపు మీద ఎండ, వెనక సిపాయిలు, తలెత్తి చూడలేదు. ఎక్కేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే పక్కకు తప్పుకున్నారు. మిగిలిన ముక్కతో బస్సు మెట్టు మీదా గీసేసరికి పిల్ల మెట్టెక్కింది. నా చోటు ఎవరో ఆక్రమించారు, మూట మీద కూర్చునే ఇరాక్‌లోని బస్రా దాకా పోయాను.

ఇరాక్ సరిహద్దు కూడా దాటాక, ఎడారిలో వేసిన గుడారాల దగ్గర మమ్మల్ని గుంపులు గుంపులుగా విడదీశారు. ఆ తల్లీకూతుళ్ళు వేరే గుంపులో పడ్డారు. మళ్ళీ కనబడలేదు.

ఇప్పటి పట్టీలు చెరగవు. వంగి దిద్దే పని లేదు, తొక్కారని ఎవరినీ తిట్టే పని లేదు, పిల్లలు వాటి మీదే పరుగులు తీస్తున్నారు. అట్లాగే ఉండాలి కూడా. నేను మాత్రం గోడ రాసుకుంటూ నడిచాను. ఎందుకవ్వా అట్లా నడుస్తావని మనవడు అడిగితే వాడి సంచీ అందుకొని నా భుజానికి తగిలించుకున్నాను. ఆ పిల్లకు ఇప్పుడు నడివయసు వచ్చి ఉంటుంది. గుడారాల దగ్గర అది ఎట్లా నడిచిందో అన్నదే నన్ను కూర్చోనివ్వదు. అక్కడంతా ఇసుక, ఇసుక మీద సుద్ద పడదు.