మీటింగులో మా ఆయన చెప్పిన నిజం

ఈ రోజు రాజోలులో మా అబ్బాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. పిల్లలు ఫోన్లలో బూతు వీడియోలు చూస్తున్నారని హెడ్మాస్టరు గారు చెప్పగానే, ఒకాయన లేచి "గల్ఫ్‌లో లాగ ఇక్కడా మొత్తం నిషేధించెయ్యాలండీ!" అని అరిచేరు. తండ్రులందరూ వంత పాడేరు.

నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పని మా ఆయన లేచేరు.

"నేను కువైట్‌లో డ్రైవరుగా చేసేనండి. అక్కడ నిషేధమే. అయినా మా గదిలో అందరి ఫోన్లలోనూ ఉండేవి. ప్రభుత్వం ఆపితే మంచిదే. కానీ అదంతా నటన, ఆడవాళ్ళతో అలా ఉండకూడదు అని పిల్లలకి మనమే చెప్పాలండి. మా వాడికి నేను చెప్పేను."

అరిచినాయన కూడా "ఆయ్, నిజమేనండి" అంటూ కూర్చుండిపోయేరు. నాకైతే కూర్చున్న చోటే రెండంగుళాలు పొడుగైనట్టనిపించింది.

బండి మీద ఇంటికొస్తూ మెల్లగా అడిగేను. "అందరి ఫోన్లలోనూ అంటే, మీ ఫోన్లో కూడానా?"

ఆయన బండి స్పీడు తగ్గించేరు. తర్వాత ఎస్సై గారి ముందు నిలబడ్డట్టు "ఆయ్" అన్నారు.

గర్వం తగ్గలేదండీ, ఆయనకిష్టమైన రొయ్యల వేపుడే చేసేను. వడ్డించేటప్పుడు మటుకు ఆయన ఫోను లాక్ తీసి నా పక్కన పెట్టమన్నాను. మీరైతే ఏం చేసేవారు?