చీము పట్టుకెళ్లిన అక్క

నా చిన్నప్పుడు, మేము పిడుగురాళ్లలో ఉండగా, సున్నం బట్టీలో పనిచేసే మా నాన్నకు తొడ మీద సెగ్గడ్డ లేచింది. గొట్టం మాత్రలు, అదే క్యాప్సూళ్లు, మింగినా తగ్గలేదు సరికదా, జ్వరంతో మంచం పట్టాడు. కాలు తీసేస్తారేమోనని అమ్మ చాటుగా ఏడ్చేది.

పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు పిలవకుండానే వచ్చి, చిట్లిన గడ్డలోంచి దూదిపుల్లతో చీము అద్ది, గాజు గొట్టంలో పెట్టుకుని వెళ్లిపోయింది. మా నాయనమ్మ గుమ్మం దాకా వెళ్లి ఆమె వెనకే చూసింది.

"చీముతో దానికేం పని? ఏందో చేతబడి చేయటానికే. ఏమే, దాని మీద ఓ కన్నేసి ఉంచు" అని నన్ను కాపలా పెట్టింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. అనుమానించడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. మూడు రోజులు ఆ ఇంటి తలుపు మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

నాయనమ్మ దగ్గర పాత బిస్కెట్ల డబ్బా ఒకటుండేది. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, కాస్త నెమ్మదించగానే మందు ఆపించి, మిగిలిన గొట్టం మాత్రలు అందులో వేసేది. వీధిలో ఎవరికి గడ్డ లేచినా రెండు మింగించి, ఇంకొకటి విప్పి ఆ పొడి పుండు మీద చల్లేది. ఆమె హస్తవాసి మంచిదని అందరూ అనేవాళ్లు. నాన్నకూ ఏళ్ల తరబడి అదే వైద్యం.

నాలుగో రోజు అక్క వచ్చి ఆ డబ్బాలో చెయ్యి పెట్టింది. నేను దొంగ దొంగ అని కేకలు పెట్టాను. ఆమెకు కోపం రాలేదు. చేతిలోని చీము పరీక్ష కాగితం చూపించింది.

"దొంగెవరో ఇందులో ఉంది మామ్మా. మీ అబ్బాయి చీములో ఉన్న కంటికి కనపడని పురుగు ఈ గొట్టాలకి చావదంట. రెండేసి మింగించి ఆపుతుంటే, మందుకి లొంగనియ్యే మిగిలి పెరిగినయ్. ఏ మందుకి చస్తదో కూడా ఇందులోనే ఉంది. పదండి ఆసుపత్రికి."

అక్కడ గడ్డ కోసి చీమంతా తీశారు. కొత్త మందు చెప్పినన్ని రోజులూ వాడించారు. పుండుకు కట్టు, నాన్నకు వేరే తువ్వాలు, ముట్టుకున్న ప్రతిసారీ మాకు సబ్బు. కాలు దక్కింది. అక్కను దొంగ అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ డబ్బాను అక్క పట్టుకెళ్తుంటే నాయనమ్మ అడ్డుపడలేదు. అరుగు మీద కూర్చుని తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. నాకిప్పుడు ఆమె వయసు. ఎవరైనా బాధపడుతుంటే, మిగిలిన మాత్రలు ఇద్దామని నా చెయ్యీ లేస్తుంది. అప్పుడు ఇంకెవరినీ అనుమానించను, ఆ చేతినే అనుమానిస్తాను.