దవడలో టక్కుమన్నది

పళ్ల ఆసుపత్రిలో ఆమెను అందరూ పొడమ్మ అనేవారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె చేసే పని అదే మరి. దవడ ఎముక కరిగి గుంటపడ్డవాళ్లకు డాక్టరమ్మ పంటి చిగురు కోసి తెరిచేది. పొడమ్మ చిన్న గిన్నెలో ఎముక పొడి పోసి, ఆ మనిషి రక్తమే నాలుగు చుక్కలు వేసి, తడి ఇసుకలా కలిపి అందించేది.

పొడులు మూడు రకాలు. పశువు ఎముకది మహా మొండి, ఏళ్ల తరబడి ఎక్స్‌రేలో గింజ గింజగా కనిపిస్తూనే ఉంటుంది. ఫ్యాక్టరీలో చేసినది ఒక్కోసారి కొత్త ఎముక పెరగకముందే కరిగి చేతులెత్తేస్తుంది. మూడోది చనిపోయినవాళ్లు దానమిచ్చినది. అది మెల్లగా కరుగుతూ, తన చోటు కొత్త ఎముకకు వదిలిపెట్టి పోతుంది.

ఆ మూడో సీసా మూత తీసినప్పుడల్లా పొడమ్మ "అక్కా, నేనే" అని గొణుక్కునేది. నవ్వేవాళ్లు నవ్వనీండి. రోడ్డు ప్రమాదంలో పోయిన అక్క ఎముకలు దానమిస్తూ సంతకం పెట్టింది తనే. "నా బిడ్డను పొడి కొట్టించావు కదే!" అని తల్లి ఒక్కమాట అంది. ఆ తర్వాత చచ్చేదాకా పొడమ్మతో మాట్లాడలేదు. సీసా మీద అంకే తప్ప పేరుండదు. దాంతో ప్రతి సీసా అక్కదే అయి కూర్చుంది.

చివరికి పొడమ్మ దవడకే గుంటపడింది.

"నీకు పశువుదే మేలు, గట్టిగా నిలుస్తుంది" అంది డాక్టరమ్మ.

"వద్దమ్మా. దానమిచ్చినదే పెట్టండి."

"ఎందుకంత పంతం?"

"తోడుంటుందని."

డాక్టరమ్మ నవ్వేసింది. చేతి నుంచి తీసిన రక్తంతో పొడమ్మ తన పొడి తనే కలుపుకుని, వెళ్లి కుర్చీలో పడుకుంది.

రెండు నెలల తర్వాత భోజనం చేస్తుండగా ఆమె ఎడమ దవడ టక్కుమంది. మొగుడు ఉలిక్కిపడి తలెత్తాడు.

"మీ అక్క వచ్చిందేమో అనుకున్నానే" అన్నాడు. అనేశాక అతని ముఖం పాలిపోయింది. నోరు తెరిస్తే చాలు, అక్క ఎడమ దవడ అచ్చం అలాగే టక్కుమనేది.

అప్పటినుంచి పొడమ్మ వంటింట్లో ఒంటరిగా నిలబడి అడిగేది, "నామీద కోపమా అక్కా?" అని. ఒక్కోసారి టక్కుమనేది. ఒక్కోసారి లేదు. అది అవునో కాదో తేలక ఆమె నలిగిపోయింది.

ఆరు నెలలకు డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి మురిసిపోయింది. "ఎంత బాగా పెరిగిందో చూడు! దానమిచ్చిన గింజ ఒక్కటీ మిగల్లేదు. ఇదంతా నీ ఎముకే."

"అంటే వెళ్లిపోయిందా?"

"ఎవరు?"

పొడమ్మ నోరు బార్లా తెరిచింది. చప్పుడు లేదు. మూసి మళ్లీ తెరిచింది. లేదు. ఉన్న ఒక్క పలకరింపూ పోయిందని ఆమెకు ఏడుపొచ్చింది.

ఆరోజు మధ్యాహ్నం ఒక దర్జీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రెండు నెలల క్రితం అతని గుంటకూ మూడో సీసా పొడే కలిపి ఇచ్చింది. అతను నోరు తెరిచాడు.

టక్.

పొడమ్మ అతని మీదికి వంగింది. "ఎన్నాళ్లనుంచి ఇలా?"

"మీరు పొడి కలిపి పెట్టించినప్పటినుంచే. ప్రమాదమా అమ్మా?"

ఆమె అతని ఎడమ దవడ మీద అరచెయ్యి ఆనించింది.

"నామీద కోపమా?" అంది.

దర్జీ బిత్తరపోయి చూశాడు. అతని నోరు మాత్రం మెల్లగా తెరుచుకుంటోంది.